పాత ఆర్‌ఎక్స్ 100కి లక్షా ముప్పై వేలు పెట్టొచ్చా?

బాబూ, నువ్వు అడిగింది ఇది. పలమనేరులో 1989 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకటి అమ్మకానికి ఉంది. లక్షా ముప్పై వేలు చెబుతున్నారు. కొత్తగా పెయింట్ వేశారు, బండి మెరిసిపోతోంది. కర్ణాటక నంబరు, సీ బుక్కు బెంగళూరులో ఉండే వేరే మనిషి పేరు మీద ఉంది. నీ చిన్నప్పుడు మీ నాయన దగ్గర ఇలాంటి బండే ఉండేది, అందుకే మనసు లాగుతోంది. పాత జపాన్ బళ్ళకు ఇప్పుడు పలుకుతున్న రేట్లు న్యాయమేనా, లేక ఉత్త జ్ఞాపకాలకు డబ్బు కడుతున్నామా అని నీ సందేహం. రాజ్‌దూత్ 350 సంగతీ అడిగావు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ బండికి ఆ రేటు వద్దు. అలాగని పాత జపాన్ బండికి లక్ష పెట్టేవాళ్ళంతా మోసపోతున్నారంటే నేను ఒప్పుకోను. కంపెనీ ఇనుముకు, సరైన కాగితాలకు పెట్టే డబ్బు న్యాయమైనదే. మెరుపుకు పెట్టేది దండగ. ఇప్పుడు ఎక్కువ మంది మెరుపుకే పెడుతున్నారు, నా బాధ అదీ.

నేను 1986లో తిరుపతి కొర్లగుంటలో ఒక మేస్త్రి దగ్గర స్పానర్లు అందించే పిల్లాడిగా చేరాను. అప్పటికి ఆర్‌ఎక్స్ వచ్చి ఏడాది కూడా కాలేదు. 1980ల మొదట్లో ప్రభుత్వం చిన్న బళ్ళకు, అంటే 100 సీసీ లోపు వాటికి, విదేశీ కంపెనీలతో కలవడానికి తలుపు తెరిచింది. టీవీఎస్ వాళ్ళు సుజుకీతో, హీరో వాళ్ళు హోండాతో, బజాజ్ వాళ్ళు కవాసకీతో, ఎస్కార్ట్స్ వాళ్ళు యమహాతో కలిశారు. అంతకు ముందు మా షెడ్డుకు వచ్చేవి బుల్లెట్లు, యెజ్డీలు, పాత రాజ్‌దూత్‌లు, స్కూటర్లు. వాటిని స్టార్ట్ చేయడమే ఒక విద్య. అలాంటి చోటికి ఆర్‌ఎక్స్ వచ్చింది. చేత్తో కిక్కర్ నొక్కినా స్టార్టయ్యేది. మా మేస్త్రి మొదటిసారి దాన్ని కపిలతీర్థం దాకా తోలి వచ్చి, ఇంజన్ ఆపి, కాసేపు ఏమీ మాట్లాడకుండా దాని పక్కనే కూర్చున్నాడు. ఆయన్ని అలా నేను మళ్ళీ చూడలేదు.

ఆ మోజుకు లెక్క ఉంది. ఆర్‌ఎక్స్ ఇంజన్ 98 సీసీ, శక్తి 11 బి.హెచ్.పి., బండి బరువు వంద కిలోల చుట్టూ. ఇవాళ షోరూములో ఉన్న స్ప్లెండర్ తీసుకో. 97 సీసీ, ఎనిమిది బి.హెచ్.పి.కి కాస్త తక్కువ, బరువు 112 కిలోలు. నలభై ఏళ్ళ తర్వాత వచ్చిన బండి కూడా పికప్‌లో ఆర్‌ఎక్స్ పక్కన నిలబడలేదు. ఆర్‌ఎక్స్‌ది టూ స్ట్రోక్ ఇంజన్, స్ప్లెండర్‌ది ఫోర్ స్ట్రోక్. టూ స్ట్రోక్‌లో క్రాంకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి మంట పుడుతుంది, ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారే. ఆ లాగుడు అక్కడినుంచే వస్తుంది. టూ స్ట్రోక్‌ను చంపేసింది కూడా ఆ పద్ధతే. ఆయిల్ పెట్రోల్‌తో కలిసి కాలుతుంది, కొంత పెట్రోల్ కాలకుండానే సైలెన్సర్‌లోంచి పోతుంది. 1996లో పొగ నిబంధనలు బిగిశాక ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది. అంటే ఉన్నవే ఉన్నవి, కొత్తవి పుట్టవు. ఏటా కొన్ని తుక్కుకు పోతాయి. రేటు పెరగడంలో నిజమైన భాగం ఇది.

జపాన్ బళ్ళకు పాతవాటి విలువ రావడం మన దగ్గరే జరిగింది కాదు. ఇంగ్లండు, అమెరికాల్లో చాలా కాలం క్లాసిక్ అంటే ట్రయంఫ్, బీఎస్ఏ లాంటి బ్రిటిష్ బళ్ళే. జపాన్ బండి అంటే వాడి పారేసేదనే చూశారు. కుర్రతనంలో 1969 నాటి హోండా సీబీ 750 మీద, 1972లో వచ్చిన కవాసకీ జెడ్ 1 మీద మోజుపడినవాళ్ళ చేతికి డబ్బు వచ్చాక సంగతి మారింది. సీబీ 750లో మొదటి 7,414 బళ్ళకు క్రాంక్ కేసులు, అంటే క్రాంకు ఉండే ఇంజన్ పెట్టెలు, ఇసుక అచ్చుల్లో పోసినవి. తర్వాత పద్ధతి మార్చారు. తోలేటప్పుడు ఆ తేడా మనకు తెలియదు. కానీ ఆ మొదటి బళ్ళకే అక్కడ పెద్ద రేటు. అది కూడా ఇంజన్ నంబరు సరిపోయి, విడిభాగాలు అసలువి అయితేనే. 2018లో అమ్మకాలు మొదలవకముందు తయారైన సీబీ 750 ఒకటి ఇంగ్లండు వేలంలో లక్షా అరవై ఒక్క వేల పౌన్లకు పోయింది. అక్కడ కొనేవాడు ముందు నంబర్లు చూస్తాడు. మన దగ్గర ముందు ట్యాంకు మీద స్టిక్కర్ చూస్తున్నారు.

అందుకే నాకు వెలిసిపోయిన బండి అంటే ఇష్టం. ఎర్ర పెయింట్ ఎండకు గులాబీ రంగుకు తిరిగి, సీటు చిరిగి, అద్దాలు లేకుండా ఒక రైతు ఇంటి చావిడిలో నిలబడి ఉన్న ఆర్‌ఎక్స్‌ను చూస్తే దానికి ఏం జరిగిందో, ఏం జరగలేదో తెలుస్తుంది. ఎక్కడ వెల్డింగ్ పెట్టారో కంటికి కనిపిస్తుంది. కొత్త పెయింట్ వేసిన బండి అన్నీ దాచేస్తుంది. ఆర్‌ఎక్స్ పేరుతో తిరిగే బళ్ళలో కొన్ని అసలు ఆర్‌ఎక్స్ 100 కావు. తర్వాత వచ్చిన ఆర్‌ఎక్స్‌జీకో ఆర్‌ఎక్స్ 135కో 100 ట్యాంకు, సైడ్ డబ్బాలు బిగించి, స్టిక్కర్ అంటిస్తారు. 135 చెడ్డ బండి కాదు, చాలామందికి అదే ఎక్కువ ఇష్టం కూడా. కానీ 100 అని చెప్పి 100 రేటు తీసుకుంటే అది మోసం. 100లో బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు, 135లో 58. సిలిండర్ పైన మూతలా ఉండే హెడ్ విప్పి స్కేలు పెడితే అబద్ధం అక్కడే తేలిపోతుంది.

ఇక కాగితాలు. నేను ఎక్కువ చెప్పాల్సింది ఇక్కడే, ఎందుకంటే నా డబ్బు పోయింది ఇక్కడే. 2009లో పక్క రాష్ట్రంలో ఒక మనిషి దగ్గర రాజ్‌దూత్ 350 కొన్నాను. అరవై వేలు. ఇంజన్ శబ్దం విని మురిసిపోయాను. సీ బుక్కు ఇచ్చాడు, సంతకాలు పెట్టిన ఫారాలు ఇచ్చాడు, బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవచ్చని అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే ఎన్.ఓ.సి. పది రోజుల్లో పంపిస్తానన్నాడు. పది రోజులు పది నెలలయ్యాయి. చివరికి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసి, ఛాసిస్ నంబరు ఉన్న చోట లోహం అరగదీసి మళ్ళీ గుద్దారని రెండు నిమిషాల్లో చెప్పేశాడు. ఆ బండి నా పేరు మీదకు రాలేదు. నేను దాన్ని రోడ్డు మీద ఒక్కరోజు కూడా ధైర్యంగా తోలలేదు. రాత్రి షెడ్డు తాళం వేసేటప్పుడు దాన్ని చూస్తే కడుపులో తిప్పినట్టుండేది.

కాబట్టి పలమనేరు బండిలో నన్ను భయపెట్టేది ఇంజన్ కాదు. అమ్మేవాడు ఒకడు, సీ బుక్కులో పేరు ఇంకొకడిది. ఆ బెంగళూరు మనిషి ఉన్నాడా, సంతకానికి వస్తాడా? ఒకవేళ చనిపోయి ఉంటే వారసుల పేరు మీదకు మార్చుకుని గాని అమ్మడానికి లేదు, దానికి ఫారం 31 వేరే ఉంది. బతికే ఉంటే పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30 మీద అతనే సంతకం పెట్టాలి. ఖాళీ ఫారాల మీద ఎప్పుడో పెట్టిన సంతకాలు చూపిస్తే ఒప్పుకోవద్దు. తర్వాత అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్.ఓ.సి. రావాలి. వేరే రాష్ట్రం బండి మన దగ్గర 12 నెలలకు మించి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే, ఇక్కడి ట్యాక్స్ మళ్ళీ కట్టాల్సిందే. అదంతా లక్షా ముప్పైకి పైన.

ఇంకోటి. 1989 బండికి మొదటి 15 ఏళ్ళు 2004లోనే అయిపోయాయి. ఆ తర్వాత ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. చేయించారా లేదా అని సీ బుక్కులో చూడు. 300 రూపాయలున్న రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి బైకులకు 1,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన వాటికి ఆ తర్వాత ఇంకా పెంచారు. ఫీజు పెద్ద సమస్య కాదు, రెన్యువల్ లేకుండా ఏళ్ళు గడిచిన బండి అయితేనే తిప్పలు. "వింటేజ్ బండి సార్, దానికి రూల్స్ ఉండవు" అని అమ్మేవాడు అంటే నమ్మకు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్ళు దాటాలి. నీ బండికి ఆ అర్హత 2039లో గాని రాదు. వచ్చినా, ఆ నంబరు పెట్టుకుని రోజూ ఆఫీసుకు తోలడానికి లేదు.

కాగితాలు సరిగ్గా ఉన్నాయనుకుందాం, ఇంజన్ దగ్గరికి వద్దాం.

నువ్వు వెళ్ళేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి. ముందు సిలిండర్ రెక్కల మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే కాసేపటి ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, టీ తాగి చల్లారాక మళ్ళీ చూడు. చల్లటి ఇంజన్‌కు చోక్ వేసి రెండు మూడు కిక్కుల్లో పలకాలి. మొదట కొంచెం నీలం పొగ వస్తుంది, అది మామూలే. ఐదు నిమిషాలు తోలాక కూడా తెల్లటి పొగ దట్టంగా వస్తూ, గేరు ఆయిల్ తగ్గుతోందంటే క్లచ్ వైపు క్రాంక్ సీలు, అంటే ఆయిల్ రాకుండా ఆపే రబ్బరు రింగు, పోయింది, ఇంజన్ గేరు ఆయిల్ తాగుతోంది. కరెంటు పుట్టించే మాగ్నెట్ వైపు సీలు పోతే ఇంకా ప్రమాదం. అక్కడినుంచి గాలి లోపలికి పీలుస్తుంది, పెట్రోల్ వంతు తగ్గుతుంది, ఇంజన్ వేడెక్కి లోపల బిగుసుకుని పట్టేస్తుంది. ఇది పొగతో తెలియదు. యాక్సిలేటర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే దిగకుండా కాసేపు పైనే ఊగుతుంటే అనుమానించాలి.

అరిగిన సిలిండర్‌ను పెద్దది చేస్తూ బోరు ఎన్నిసార్లు కొట్టించారో అడుగు. 0.25 మిల్లీమీటర్ల చొప్పున పెంచుకుంటూ పోతే ఒక మిల్లీమీటరు దాకా వస్తుంది, ఆ తర్వాత సిలిండర్ లోపల కొత్త గొట్టం, అంటే స్లీవ్, వేయాల్సిందే. స్టాండర్డ్ బోరు మీద ఉన్న కంపెనీ సిలిండర్ అయితే దానికి నేను పదివేలు ఎక్కువ ఇస్తాను. మనసులో మాట చెబుతున్నాను, అలాంటిది ఇప్పుడు దొరకడం కష్టం. హెడ్ విప్పనిస్తే పిస్టన్‌ను వేలితో పైకి కిందికి కదిపి చూడు, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కన్‌రాడ్‌లో ఆట తెలుస్తుంది. క్రాంకు పని చేయించాలంటే ప్రెస్ మీద విప్పి, కొత్త రాడ్ వేసి, మళ్ళీ నిలువు సరిచూసే మనిషి కావాలి. లేత్ ఉన్న ప్రతివాడికీ ఆ పని రాదు.

ఇక ఆయిల్ పంపు. ఆర్‌ఎక్స్‌కు విడిగా ఆయిల్ ట్యాంకు, యాక్సిలేటర్‌తో కలిసి పనిచేసే పంపు కంపెనీయే ఇచ్చింది. చాలామంది మెకానిక్‌లు ఆ పంపు మొరాయిస్తే బాగుచేయకుండా మూసేసి, పెట్రోల్‌లోనే టూటీ ఆయిల్ కలిపి పోసుకోమంటారు. మైదానంలో అలా నడిచిపోతుంది. కొండ మీద నడవదు. 1991లో నేను అలాంటి బండి మీదే తిరుమల నుంచి దిగుతున్నాను. వెనక మా ఆవిడ, ఆమె ఒళ్ళో లడ్డూల సంచి. దిగే ఘాట్ రోడ్డు దాదాపు 19 కిలోమీటర్లు, అంతా మలుపులే. యాక్సిలేటర్ పూర్తిగా వదిలి గేరు మీద దిగుతున్నా. ఆయిల్ పెట్రోల్‌తోనే వస్తుంది కదా, పెట్రోల్ మూసేస్తే ఆయిల్ కూడా మూసేసినట్టే. చక్రం మాత్రం ఇంజన్‌ను గిరగిరా తిప్పుతూనే ఉంటుంది. అక్కగార్ల గుడి దగ్గరికి వచ్చేసరికి కీచుమని శబ్దం, వెనక చక్రం పట్టేసింది. ఆ క్షణంలో క్లచ్ నొక్కడం అలవాటు కొద్దీ జరిగింది, లేకపోతే ఈ మాట చెప్పడానికి ఉండేవాణ్ణి కాను. ఆ సాయంత్రం నుంచి నా షెడ్డులో ఎవరి ఆయిల్ పంపూ మూయలేదు. నువ్వు ఏ టూ స్ట్రోక్ కొన్నా సరే, మన ఘాట్లలో దిగేటప్పుడు, తిరుమల అయినా మొగిలి ఘాట్ అయినా, మధ్యమధ్యలో క్లచ్ నొక్కి ఒక్క రెయిజు ఇవ్వు. డ్రమ్ బ్రేకులు వేడెక్కితే పట్టవు, ఆగి చల్లార్చుకో.

పెట్రోల్ సంగతి కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఆ కాలం రబ్బరు పైపులు, సీళ్ళు దానికోసం చేసినవి కావు. అది నీటిని పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి నిలబెట్టిన బండి ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. కార్బొరేటర్ బండికి గాలీ పెట్రోలూ కలిసే మిశ్రమం పలచబడుతుంది, పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాల్సి రావచ్చు. బండి వారం మించి నిలబెడితే పెట్రోల్ కాక్ మూసి, ఇంజన్‌ను దానంతట అది ఆగేదాకా నడవనివ్వు. కార్బొరేటర్ గిన్నె ఖాళీ అవుతుంది. ఐదు నిమిషాల పని.

స్పేర్లు దొరుకుతాయా అంటే, దొరుకుతాయి, కానీ ఏది అసలుదో ఏది నకలో చెప్పగల కన్ను కావాలి. మద్రాసు పుదుపేట, బెంగళూరు జె.సి. రోడ్డు నేను ఇప్పటికీ తిరుగుతాను. పిస్టన్, క్లచ్ ప్లేట్లు, కేబుళ్ళు నకలైనా పర్వాలేదు. క్రాంకు, కంపెనీ సైలెన్సర్, అసలు మీటరు కనిపిస్తే మాత్రం వదలను. నా లెక్కలో ఇంజన్ పూర్తి పని ఇరవై వేల దాకా, టైర్లు, చైన్ సెట్టు, వైరింగ్ కలిపి ఇంకో పది పన్నెండు వేలు. అంటే లక్షా ముప్పై బండి నీ చేతికి నడిచే స్థితిలో వచ్చేసరికి లక్షా అరవై దగ్గరికి పోతుంది, ట్యాక్స్ కలపకుండా.

రాజ్‌దూత్ 350 గురించి కూడా అడిగావు. అది 1983 నుంచి ఆ దశాబ్దం చివరిదాకా ఎస్కార్ట్స్ వాళ్ళు చేసిన బండి, యమహా ఆర్‌డీ 350కి మన రూపం. రెండు సిలిండర్లు, 347 సీసీ, ఆరు గేర్లు. జపాన్ బండికి 39 బి.హెచ్.పి. ఉంటే మన దాన్ని మొదట 30.5కి, తర్వాత 27కి తగ్గించారు. ముందు డిస్క్ బ్రేక్ తీసేసి డ్రమ్ పెట్టారు. ఆ వేగానికి ఆ బ్రేకు చాలదు. ఎంతమంది కుర్రాళ్ళు దెబ్బలు తగిలించుకున్నారో మా తరం వాళ్ళకు తెలుసు. పెట్రోల్ తాగుతుందని అప్పట్లో ఎవరూ కొనలేదు, అందుకే ఇప్పుడు తక్కువ మిగిలాయి, అందుకే లక్షలు పలుకుతున్నాయి. నిజంగా అరుదైన బండి అదే. కానీ మొదటి పాత బండిగా అది నీకు వద్దు. రెండు కార్బొరేటర్లు కలిపి సరిచేయడం, ఆ క్రాంకు పని చేయడం వచ్చిన మనిషి నీకు పక్కనే ఉండాలి.

తోలుకోవడానికే పాత జపాన్ బండి కావాలంటే నేను చెప్పేది వేరే. మొదట్లో వచ్చిన హీరో హోండా సీడీ 100 ఒకటి వెతుకు. 1985లో వచ్చిన బండి, ఫోర్ స్ట్రోక్, 97 సీసీ. ఎవరికీ దాని మీద మోజు లేదు కాబట్టి ఆర్‌ఎక్స్ రేటులో నాలుగో వంతు కూడా ఉండదు. పుంగనూరు, పలమనేరు వైపు పాలు పోసేవాళ్ళ ఇళ్ళలో ఇంకా నడుస్తున్నాయి. ఇంజన్ స్పేర్లలో చాలావరకు ఏ ఊళ్ళో అయినా దొరుకుతాయి. నేను ఇప్పుడు రోజూ తోలేది అదే.

కానీ నీకు కావలసింది అది కాదని నీ మాటల్లోనే తెలుస్తోంది. మీ నాయన ముందు ట్యాంకు మీద నిన్ను కూర్చోబెట్టుకుని తిప్పిన బండి కావాలి. అది తప్పేమీ కాదు. అయితే ముందు మీ నాయనను అడుగు, ఆ బండి నంబరు గుర్తుందా అని. ఏపీ 03 నంబరు అయి ఉంటుంది. ఇంట్లో పాత ఇన్సూరెన్స్ కాగితం ఒకటి దొరికినా చాలు. చిత్తూరు, చంద్రగిరి, పుత్తూరు వైపు మెకానిక్‌లలో నాకు తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నంబరు చెబితే వాకబు చేస్తాను. అలా దొరికిన బండి తుప్పు పట్టి ఉన్నా సరే, కాగితాలు మన జిల్లావి, అమ్మిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు. దానికైతే నేను దగ్గరుండి ఇంజన్ కట్టిస్తాను.

పలమనేరు బండిని కూడా చూడకుండా వదిలేయమనను. సీ బుక్కులో ఉన్న మనిషి ఎదురుగా వచ్చి సంతకం పెట్టి, ఎన్.ఓ.సి. చేతికి ఇచ్చి, నంబర్లు శుభ్రంగా ఉంటే డెబ్బై నుంచి ఎనభై వేల దాకా ఆలోచించొచ్చు. అడ్వాన్స్ మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకు. ఇంజన్ నంబరు, హ్యాండిల్ కింద మెడ దగ్గర ఉన్న ఛాసిస్ నంబరు వెలుతురులో దగ్గరగా ఫోటో తీసి నాకు చూపించు. ఆదివారం అయితే నేనూ వస్తాను, ప్లగ్ స్పానర్ నా దగ్గర ఉంటుంది. మనం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని వాళ్ళకు ముందే ఫోన్ చేసి చెప్పు.